మలుపు దగ్గర నడక

జూమార్ట్ మాస్టారు పరుగులో ఎవరినీ దాటిన పాపాన పోలేదు. నలభై దాటాక పరుగు మొదలుపెట్టిన లెక్కల మాస్టారు ఇంకెలా పరుగెత్తుతాడు? "మా గొర్రె మిమ్మల్ని దాటేసింది మాస్టారూ" అని కాపరులు ఆటపట్టించేవారు.

నేర్చుకున్న నాలుగు ముక్కలూ పాత శిష్యుడు ఎర్నిస్ దగ్గర నేర్చుకున్నవే. ఎర్నిస్ మేకపిల్లలా కొండెక్కేవాడు. జూమార్ట్ దిగివచ్చేసరికి తన ఇంటి అరుగుమీద కూర్చుని రెండో గిన్నె టీ తాగుతూ ఉండేవాడు.

"ఎక్కేటప్పుడు చిన్న అడుగులు వెయ్యండి మాస్టారూ. దిగేటప్పుడు మోకాళ్ళమీద కాస్త జాలి చూపించండి. ఊరి మలుపు వచ్చిందంటే మాత్రం నడవండి. మా అమ్మ గుండె ఆగిపోతే పాపం మీదే."

ఆ చివరి ముక్క ఆ కిర్గిజ్ పల్లెలో పసిపిల్లలకీ తెలుసు. ఎవరి గుమ్మానికీ పరుగున పోకూడదు. గుర్రం మీదైనా, కాళ్ళమీదైనా, పరుగెత్తుకుంటూ వచ్చేవాడు చావు కబురు తెస్తాడు. మలుపు తిరగ్గానే మొదటి ఇల్లు ఎర్నిస్ తల్లి ఊల్కాన్‌ది.

చలికాలంలో ఒక ఉదయం కొండమీద మంచు జారింది. ముందున్న ఎర్నిస్ దాని కింద కూరుకుపోయాడు. ఎప్పటిలాగే వెనకబడ్డ జూమార్ట్ బతికాడు.

ఆ రోజు అతను మలుపుదాకా పరుగెత్తాడు. అక్కడ కాళ్ళు మొరాయించాయి. తల దించుకుని ఊల్కాన్ ఇంటిముందు నుంచి నడుచుకుంటూ పోయాడు. ఊళ్ళో మగవాళ్ళకి చెప్పాడు. వాళ్ళు రోజుల తరబడి మంచు తవ్వారు. ఏమీ దొరకలేదు.

పెద్దలు వెళ్ళి ఊల్కాన్‌కి మెల్లగా చెప్పబోయారు. ఆమె వాళ్ళకి రొట్టె విరిచి పెట్టింది.

"చూసినవాడు నా గుమ్మానికి పరుగెత్తుకు రాలేదు కదయ్యా. ఏడవమంటే ఎలా ఏడుస్తాను?"

ముంగిట్లో ఏడ్చేవాళ్ళు కూర్చునే చావు గుడారం వెయ్యనివ్వలేదు. రోజూ పొద్దున్నే వేడి టీ గిన్నె ఒకటి తెచ్చి అరుగుమీద పెట్టేది. పాపం, కొడుకు కోసం పెడుతోందని ఊరంతా జాలిపడింది.

జూమార్ట్ భార్య నుర్జమాల్ మాత్రం ఊరుకోలేదు.

"కొండంతా పరుగెత్తుతావు. పరుగెత్తాల్సిన ఆ నాలుగడుగులే నడుస్తావు. ఆ తల్లి నోరారా ఏడ్చుకోవాలా వద్దా?"

"వట్టి చేతులతో ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? వాడి బట్టముక్కైనా దొరకనీ. అప్పుడు పరుగెత్తుతాను."

అందుకే రోజూ కొండెక్కేవాడు. దిగేటప్పుడు ముందెక్కడో అడుగుల చప్పుడు వినిపించేది. తేలికైన అడుగులు, వడివడిగా. మనిషి కనబడేవాడు కాదు. తన అడుగులే కొండకి కొట్టుకుని వినబడుతున్నాయని సర్దిచెప్పుకునేవాడు. కానీ మలుపు దగ్గర తను ఆగినా ఆ అడుగులు ఆగేవి కావు. పరుగున ఊరివైపే పోయేవి. ఆ సంగతి నుర్జమాల్‌కి కూడా చెప్పలేదు.

ఎండలు ముదిరాయి. మంచు కరిగింది. ఒక ఉదయం రాళ్ళ మధ్య పసుప్పచ్చ ఉన్ని టోపీ కనిపించింది. టోపీతోపాటు ఎర్నిస్ కూడా ఉన్నాడు.

జూమార్ట్ అక్కడే కూలబడి ఏడ్చాడు. తర్వాత టోపీ తీసుకుని లేచాడు. చిన్న అడుగులూ లేవు, మోకాళ్ళమీద జాలీ లేదు. జన్మలో పరుగెత్తనంత పరుగెత్తాడు. మలుపు వచ్చింది. ఈసారి ఆగలేదు.

పాలు పితుకుతున్న ఆడవాళ్ళు ఆ అడుగుల చప్పుడు విని లేచి నిలబడ్డారు. ఒకామె చేతిలోంచి తపేలా జారిపోయింది.

ఊల్కాన్ అరుగుమీద టీ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. జూమార్ట్ ఆమె ముందు మోకాళ్ళమీద పడ్డాడు. టోపీ అందించాడు.

ఆమె టోపీని కళ్ళకి అద్దుకుంది. అప్పుడు మొదలైంది ఆమె ఏడుపు, చలికాలం నుంచీ ఆగిపోయిన ఏడుపు. ఏడుస్తూనే టీ గిన్నె అతని చేతుల్లో పెట్టింది.

"ఇన్నాళ్ళూ ఇది నీ కోసమే పోస్తున్నాను నాయనా, మంచు జారిన మర్నాటి నుంచీ రోజూ నీకంటే ముందే వాడు పరుగెత్తుకుంటూ వచ్చి, 'మాస్టారు వెనకాల వస్తున్నారమ్మా, టీ పొయ్యి' అని చెప్పి పోతున్నాడు."