పిండి డబ్బాలో ఫోను

"ఇటు తే ఆ ఫోను," అంది బురుల్ అక్క చేయి చాపి.

"అక్కా, పుస్తకాలవాళ్లు చేస్తారేమో..."

"పొద్దున చేశారుగా. ఏమన్నారు?"

సల్కిన్ ఫోను వెనక్కి దాచుకుంది. బొమ్మలు సగంలోనే ఆగాయని పిల్లల పుస్తకం పని వేరేవాళ్లకు ఇచ్చేశారు. అంతకుముందు టీ దుకాణం బోర్డు పోయింది. దానికి ముందు పెళ్లి శుభలేఖలు. చేతకాక పోయినవి కావవి. అన్నీ ఒకేసారి నెత్తికెత్తుకుని దీని మీద ఓ గీత, దాని మీద ఓ రంగు పులుముతూ కూర్చుంటే పోయాయి. ఫోను మోగితే చాలు, చేతిలో కుంచె అలాగే ఎండిపోయేది.

పక్కింటి బురుల్, నరీన్ ఊరి బజారులో రొట్టెలు అమ్ముకునే మనిషి. మాట కూడా పొయ్యిలోంచి తీసినంత వేడిగా ఉంటుంది.

"ఇంకొక్కటే మిగిలింది నీకు. మొదలుపెట్టు, ముగించు, అప్పుడు లే. గురువారం ఇవ్వాలి కదా, అప్పటిదాకా ఈ ఫోను మా పిండి డబ్బాలో ఉంటుంది."

ఇచ్చేసింది సల్కిన్. ఇవ్వక ఏం చేస్తుంది? ఈ పని కూడా పోతే శుక్రవారం రాజధాని బిష్కెక్‌కి బస్సు ఎక్కడమే. అక్కడి బట్టల ఫ్యాక్టరీలో అన్న ఆమె కోసం ఒక కుట్టుమిషన్ మాట్లాడిపెట్టాడు. రోజుకు పన్నెండు గంటలు జేబులు కుట్టాలి. ఆ తర్వాత ఈ జన్మలో పెన్సిల్ పట్టనని ఆమెకు తెలుసు.

మిగిలిన ఆ ఒక్క పనీ సమాధిరాతికి బొమ్మ. ఆమె కాగితం మీద గీసిస్తే రాయి చెక్కే ఇసాబెక్ దాన్ని నల్లరాతి మీదికి ఎక్కిస్తాడు. అడిగింది అత్‌బాషీ ఊరి నుంచి వచ్చిన షైరా అవ్వ. కొడుకు మెదెర్ రష్యాకు మేస్త్రీ పనికి వెళ్లాడు. కడుతున్న గోడ కూలి చనిపోయాడని, ముఖం గుర్తుపట్టే వీల్లేక అక్కడే పూడ్చేశారని కిందటి చలికాలం తోటివాళ్లు కబురు తెచ్చారు. వచ్చేవారం సంవత్సరీకం భోజనాలు. ఆ రోజుకి తండ్రి సమాధి పక్కనే కొడుక్కీ రాయి నిలబెట్టాలి.

"మట్టి వెయ్యడం ఎలాగూ దక్కలేదు తల్లీ," అంది అవ్వ ఆదివారం టీ తాగుతూ. "చేయి వేసి ఏడవడానికి ఒక ముఖమైనా ఉండాలి నాకు."

ఇచ్చింది ఒక్కటే ఫోటో. అందులో మెదెర్ ఉన్ని టోపీని కళ్లదాకా లాక్కుని ఉన్నాడు.

"టోపీ వద్దు. కనుబొమ మీద మచ్చ మాత్రం మరిచిపోకు. చిన్నప్పుడు గుర్రప్పిల్ల తన్నింది. అది లేకపోతే వాడు నా కొడుకే కాదు," అని అవ్వ తన నుదుటి మీదే వేలితో గీసి చూపించింది.

సోమవారమంతా సల్కిన్ చేయి ఫోను కోసం తడుముతూనే ఉంది. గీసినవి మూడు కాగితాలు, చింపినవీ మూడే. మంగళవారం కళ్లు కుదిరాయి. అంతలో బురుల్ రొట్టె పట్టుకుని వచ్చింది.

"నీ ఫోను పిండిలో గంతులేస్తోందే! ఎవరనుకున్నావు, ఆ ముసలమ్మే. పొద్దున్నించీ ఏడుసార్లు."

"తొందరపెడుతోంది కాబోలు. ఒక్కసారి మాట్లాడనా అక్కా? మచ్చ ఏ వైపో కూడా గుర్తు రావడం లేదు."

"మాట్లాడు. ఆవిడ ఏడుస్తుంది, నువ్వు ఏడుస్తావు, ఈలోగా ఇంకోడెవడో ఫోను చేస్తాడు. బొమ్మ అటకెక్కుతుంది."

"పోనీ నువ్వే ఎత్తి అడుగు."

"పరాయివాళ్ల ఫోను నేనెత్తను. ఎత్తి ఏం చెప్పను, ఇంకా కాలేదనా?"

బుధవారానికి ఇరవై మూడుసార్లు మోగిందట. ఆ మాట వినగానే సల్కిన్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. అవ్వకి కూడా నమ్మకం పోయినట్టుంది! మచ్చ తప్పు వైపు పడిందంటే ఇక అంతే. ఆ తల్లి రాతి మీద చేయి వేసి, వీడెవడే అంటుంది. సల్కిన్ కళ్లు మూసుకుని ఆదివారాన్ని గుర్తు చేసుకుంది. అవ్వ కుడిచేతిలో టీ గిన్నె ఉంది. అది దించకుండానే చూపించింది. అంటే ఎడమ చేత్తో, ఎడమ కనుబొమ మీద!

గురువారం మధ్యాహ్నానికి బొమ్మ పూర్తయింది. మూడేళ్లలో మొదటిసారి ఆమె చెప్పిన రోజుకి ఒక పని ముగించింది. కాగితం చుట్టి ఇసాబెక్ దగ్గరికి బయల్దేరబోతుంటే ఎవరో తలుపు తట్టారు. గడప మీద మంచు దులుపుకుంటూ ఎవరో మనిషి. గడ్డం మాసి ఉంది, బుగ్గలు పీక్కుపోయాయి, ఉన్ని టోపీ కళ్లదాకా దిగి ఉంది.

"బొమ్మలు గీసేది మీరేనా? అత్‌బాషీ నుంచి వస్తున్నాను. మంగళవారం నుంచి ఫోను చేస్తుంటే మీరు ఎత్తడం లేదు. ఆ సమాధి బొమ్మ ఇక అక్కర్లేదు."

సల్కిన్ గబగబా అతన్ని లోపలికి రమ్మంది.

"అక్కర్లేదా? అయిపోయిందండీ! చెప్పిన రోజుకే ఇస్తున్నాను కదా! అన్నీ మానుకుని ఇదొక్కటే గీశాను. ఒక్కసారి చూడండి, మీ కాళ్లు పట్టుకుంటాను," అంటూ కాగితం విప్పి బల్ల మీద పరిచింది.

అతను వంగి చూశాడు. టోపీ మీది మంచు కరిగి చుక్కలుగా బల్ల మీద పడుతోంది.

"రాతికి వద్దు," అన్నాడు చివరికి. "ఇంట్లో గోడకు తగిలిస్తాం. నాకే ఇచ్చేయండి."

బొమ్మ తడుస్తుందని అతను టోపీ తీశాడు.

అతని ఎడమ కనుబొమను ఒక మచ్చ రెండుగా చీల్చింది.