విమానం పొట్టకు ఎరుపు

పెద్ద ఈరన్న వేరుశనగ చేనులో విమానం కూలింది.

నిజం విమానం కాదు. ఈ రెక్క కొస నుంచి ఆ రెక్క కొసకు నులకమంచమంత పొడవు. వెదురు బద్దలు, గాలిపటం కాగితం, మైదా గంజి. మూతి దగ్గర పిడికిలంత ఇంజను ఇంకా పొగ కక్కుతోంది.

వెనకాలే పరుగెత్తుకొచ్చిన మనిషిని శేషన్న ముందు చెంప పగలగొట్టి, తరువాత అడిగాడు.

"ఎవర్రా నువ్వు? ఎద్దులు బెదిరి కాడి ఇరగ్గొట్టినాయి!"

"ఆనందం అంటారప్పా. చర్చి పక్క గదిలో ఉంటాండా."

"ఓ, మూడు నెలల కిందట దిగిన మిల్ట్రీ ఆయనా!" అంటూ పెద్ద ఈరన్న గట్టు దిగి వచ్చాడు. శేషన్న ఆయన మనిషి. ఆయన చూపు ఎటు పోతే శేషన్న కర్ర అటు లేస్తుంది.

ఈరన్న విమానాన్ని ఎత్తి అటూ ఇటూ తిప్పాడు.

"దారం లేదు, తాడు లేదు. ఎట్ల తిప్పుతాండావప్పా?"

ఆనందం చంకలోని పెట్టె చూపించాడు.

"వైర్‌లెస్సు. యుద్ధంలో నా పని ఇదే. పాత మిల్ట్రీ సామాను బెంగళూరులో తూకానికి అమ్ముతారు. ఈ బొత్తాం నొక్కితే తోక తిరుగుతాది."

"ఎంత బరువు మోస్తాది?"

ఆనందం పెట్టెను మళ్లీ చంకలోకి లాక్కున్నాడు.

ఆ ప్రశ్న ఎందుకో ఊళ్లో అందరికీ తెలుసు. కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు, కోడుమూరు సంతలో నరసన్న మనుషులు బాంబు విసిరారు. ఈరన్న తమ్ముడు చిన్న ఈరన్నను గోనెసంచిలో ఇంటికి తెచ్చారు. ఆ రోజు నుంచి పెద్ద ఈరన్న గడ్డం గీయలేదు. వంక అవతల నరసన్న మిద్దె చుట్టూ ఈటెల కాపలా. మనిషన్నవాడు దగ్గరికి పోలేడు.

"నారింజకాయంత బాంబు మోస్తే చాలు. మిద్దె మీద పడాల. ఇమానం పోతే పోనీ" అన్నాడు ఈరన్న.

"నేను చెయ్యనప్పా."

శేషన్న ఈసారి కర్రతో కొట్టాడు.

ఈరన్న నెమ్మదిగా అన్నాడు. "నువ్వు కాదంటే అమాస చీకట్లో, సగం మందిమి సచ్చినా సరే, పదిమందిమి ఆ ఇంట్లోకే పడతాం. మొగోడా ఆడదా అని చూడం. అదీ వచ్చు మాకు."

ఆనందం నోట్లోని నెత్తురు ఉమ్మాడు.

"ఎనిమిది రోజులు ఇయ్యండి."

విరిగిన బద్దలు తీసి కొత్తవి కట్టాడు. చిరిగిన కాగితం వొలిచి, పాత వాయిలు చీర కత్తిరించి గంజితో అతికించాడు. రెక్కల పైన మట్టిరంగు పూశాడు. ఈరన్న రోజూ వచ్చి చూసేవాడు.

"పొట్టకు రంగు ఏయలేదేమి?"

"యుద్ధంలో అడుగున ఆకాశం రంగు ఏస్తారప్పా. మోత విని తలెత్తినా, కిందోళ్లకు తొందరగా అగపడదు."

"అట్లే ఏయి. ఒక్కడు గూడా మిద్దె దిగకూడదు."

తొమ్మిదో నాటి పొద్దున ముగ్గురూ గుట్ట ఎక్కారు. విమానాన్ని దుప్పట్లో చుట్టి ఆనందమే మోశాడు. గాలి లేదు. నరసన్న మిద్దె అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తోంది.

"పైన ఆడోళ్లు, పిల్లోళ్లు ఉండారప్పా" అన్నాడు ఆనందం.

"నా తమ్ముడు మా అమ్మకు పిల్లోడు కాడా?"

శేషన్న చెంబులో దూది పరిచి బాంబు తెచ్చాడు.

"పూనకం వచ్చినట్టు ఊగుతాండావే శేషన్నా! ఆడ పెట్టి దూరం పో. నేను కడతా."

ఆనందం నేల మీద పడుకుని, విమానం కిందికి చేతులు పెట్టి కట్టాడు. ఇంజను తిప్పాడు. విమానం బండ మీద దొర్లి గాలిలోకి లేచింది.

అప్పుడు కనిపించింది పొట్ట. నెత్తుటంత ఎరుపు.

"నీలం గదరా ఏయమన్నది!"

ఆనందం ఆకాశం మీది నుంచి చూపు తిప్పలేదు.

"ఎరుపైతే దూరానికి గూడా తెలుస్తాదప్పా."

మొదటి చుట్టుకు మిద్దె మీద తలలు లేచాయి. రెండో చుట్టుకు కేకలు. మూడో చుట్టుకు ఆడవాళ్లు పిల్లలను చంకనేసుకుని మెట్లు దిగి చేలల్లోకి పరుగెత్తారు. అందరికంటే వెనక పంచె పట్టుకుని నరసన్న.

"వాడు వాకిట్లోనే ఉండాడు! దించు! దించరా!"

ఆనందం బొత్తాం నొక్కాడు. విమానం పక్కకు వాలి, ఎవరూ లేని పాత బండల గనిలోకి తలకిందులుగా దిగింది. గుట్ట అదిరింది. రాతి ముక్కలు తాటిచెట్టంత ఎత్తు లేచి పడ్డాయి.

శేషన్న చేతిలోని గొడ్డలి కర్ర ఆనందం మోచేతి మీద పడింది.

"నరసన్నకు అమ్ముడుపోయినావురా! ఎన్నాళ్ల నుంచి వాని మనిషివి?"

"నేనెవరి మనిషినీ కాదప్పా."

ఈరన్న అతని చేతిని ఆ పెట్టె మీదే పరిచి, రాయి అందుకున్నాడు.

"ఏ వేలితో తిప్పినావు? ఇదా?"

రాయి పడింది.

"ఇదా?"

మూడో వేలికి ఆనందం అరిచాడు. నాలుగో వేలిదాకా శేషన్న ఆగలేదు. తల మీద కొట్టాడు. ఆ తరువాత అరుపు లేదు.

మరునాడు కోడుమూరు నుంచి ఆనందం భార్య రత్నమణి వచ్చింది. శవం చర్చి అరుగు మీద ఉంది. ఎవరు ఏం మాట్లాడతారో కనిపెట్టడానికి ఈరన్న అక్కడే నిలబడ్డాడు.

"నీ మొగుడు నరసన్న మనిషమ్మా. వాన్ని కాపాడబోయి సచ్చినాడు."

రత్నమణి కొంగు తడిపి నలిగిన వేళ్లు ఒక్కొక్కటే తుడుస్తోంది.

"నరసన్న ఇంటి మీద నిప్పు పోసేదానికే ఇమానం చేస్తానని ఇల్లు ఇడిచినాడప్పా. పోయిన వారం జాబు రాసినాడు. 'ఆ మిద్దె మీద ఒక పిల్ల తల ఆరబెట్టుకుంటాది, అచ్చం మన జీవమ్మ మాదిరే ఉంటాది, నా చేత కాదు' అని."

ఈరన్న అరుగు దగ్గరికి వచ్చాడు.

"జీవమ్మ ఎవరు?"

రత్నమణి తలెత్తలేదు.

"మా ఒక్కగానొక్క కూతురప్పా. ఆ పొద్దు సంతలో మీ తమ్ముని పక్కనే చింతపండు గంప పెట్టుకోని కూర్చోనుండె."