నోరు కట్టుకున్నాడు

“అన్నయ్యగారూ, ఒక్కటంటే ఒక్క చేప ముక్క!” అంటూ ఇంటి ఇల్లాలు ఆడపడుచు మొగుడి కంచం మీదికి గరిటె వంచింది.

ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. “వద్దమ్మా. మీ వదిన మంచాన పడ్డప్పుడు దేవుడికి మొక్కుకున్నా. అది లేచి తిరిగితే చాలు, జన్మలో నీచు ముట్టనని.”

“చేపలంటే ప్రాణం పెట్టే మనిషి! నోరు కట్టుకున్నాడు మా బావ,” అన్నాడు తమ్ముడు. “అదృష్టవంతురాలివే అక్కా!”

అక్క తలొంచుకుని పప్పన్నం కలుపుకుంది. ఆయన తిననిది తనెలా తింటుంది? ‘అదృష్టవంతురాలివి’ అన్న మాట విని విని ఆమె చెవులు తూట్లు పడ్డాయి. పాలవాడి దగ్గర నుంచి పక్కింటివాళ్ల దాకా అందరూ కలిసి ఆయన్ని దేవుణ్ని చేసి కూర్చోబెట్టారు. ఇక దేవుడితో పోట్లాడేదెలా?

అయినా ధైర్యం చేసింది. “టైలరింగ్ షాపామె కబురు చేసిందండీ. కటింగుకి మళ్లీ రమ్మంటోంది.”

“ఇప్పుడు పనెందుకు? ఇంటిపట్టున ఉండు.”

“కత్తెర పట్టకపోతే నాకు పిచ్చెక్కుతోంది.”

ఆయన గొంతు పెంచలేదు. ఎప్పుడూ పెంచడు. “నీకోసం నేను నాలుక చంపుకున్నాను. నాకోసం నువ్వు కత్తెర వదల్లేవా?”

తమ్ముడు అక్క వంక నిష్ఠూరంగా చూశాడు. అరిచే మొగుడైతే తిరగబడొచ్చు, కొట్టే మొగుడైతే పుట్టింటికి వచ్చేయొచ్చు. త్యాగం చేసినవాణ్ని ఏం చేస్తాం? ఆమె కంచం ముందు నుంచి లేచింది. ఎంగిలి చెయ్యి కడుక్కుని ఫోన్ తీసింది.

“రాలేనండీ. ఇంకెవర్నైనా చూసుకోండి,” అని షాపామెకి చెప్పేసింది.

ఆయన మెచ్చుకోలుగా నవ్వి పెరుగు వేయించుకున్నాడు.

మర్నాడు ఆఖరి చెకప్. ఆయన బయట బండి పెడుతుంటే ఆమె ఒక్కతే లోపలికెళ్లింది. ఇంటిల్లిపాదికీ మందిచ్చే డాక్టరమ్మ నాడి చూసి నవ్వింది.

“గుండ్రాయిలా ఉన్నావు. ఇక నిక్షేపంగా పనికెళ్లొచ్చు.”

“వెళ్లను డాక్టరమ్మా. మానేశాను. ఆయనకి ఇష్టం లేదు.”

“అయ్యో, అదేంటి! అన్నట్టు, మీ ఆయన కీళ్లనొప్పులు తగ్గాయా?”

“కీళ్లనొప్పులా?”

“నీకు జబ్బు చెయ్యకముందే చేపా మాంసం మానేయమన్నానే, మానాడా?”