వెనక సీటు మీద ఆర్నీ

"చెయ్యెత్తు నాన్నా," అన్నాడు కర్టిస్ మళ్ళీ.

ఆర్నీ ఎత్తలేదు. కిటికీలోంచి, బయట నిలబెట్టిన మోటారు సైకిల్‌నే చూస్తున్నాడు. సీటు మీద మంచు ఉప్పు చల్లినట్టు మెరుస్తోంది. నవంబరు నెలలో, విస్కాన్సిన్ కొండల్లో, బుద్ధున్నవాడెవడూ బండి బయటికి తియ్యడు. గ్యారేజీలో ట్రక్కు ఉంది. ట్రక్కులో హీటరు ఉంది. ఆ మాట కర్టిస్ తెల్లారిన దగ్గర్నుంచీ చెబుతూనే ఉన్నాడు.

"బండి మీదే వస్తానని మార్లిస్‌కి మాటిచ్చాను," అన్నాడు ఆర్నీ.

"మాటిచ్చింది నువ్వు. తోలాల్సింది నేను."

"నేను తోలతానంటే నువ్వు ఒప్పుకోవుగా."

"అదొక్కటే తక్కువైంది. చెయ్యెత్తు."

ఉన్ని బనియను. దాని మీద ఇస్త్రీ చొక్కా, పెళ్ళి కోటు. కోటు మీద స్వెట్టరు. గాలి దూరకుండా గుండెల మీద మడత పెట్టిన పాత న్యూస్‌పేపరు. బండి బ్యాటరీకి తీగ తగిలిస్తే వేడెక్కే జాకెట్టు ఇంట్లో ఒక్కటే ఉంది. అది ఆర్నీకి తొడిగాడు. కర్టిస్‌కి మిగిలింది మోచేతుల దగ్గర పగిలిన తోలు జాకెట్టు. ఆర్నీ గ్లౌజులు జారకుండా మణికట్ల దగ్గర టేపు కూడా చుట్టాడు. హెల్మెట్ పట్టీ బిగించాడు. గుమ్మం దాకా నడిపించాడు.

"నాన్నా," అన్నాడు ఆర్నీ.

"ఊఁ."

"ఒకటికి వెళ్ళాలి."

 కర్టిస్ పట్టీ విప్పాడు. జిప్పులు లాగాడు. టేపు చింపాడు.

"తొడిగే ముందు అడిగానా లేదా?"

"అప్పుడు రాలేదు."

ఎలాగో బయల్దేరారు. బండి కదిలిందో లేదో, గాలి కర్టిస్ మెడ దగ్గర సందు వెతుక్కుని దూరింది. మొదటి కొండ దిగేసరికి మోకాళ్ళు లాగేస్తున్నాయి. వెనకనుంచి వీపు మీద రెండు గుద్దులు పడ్డాయి. రెండు గుద్దితే ఆపాలని ఒప్పందం.

"ఏంటి?"

"ఉడికిపోతున్నాను."

కర్టిస్ జాకెట్టు వేడి తగ్గించాడు. రెండో కొండ ఎక్కారో లేదో మళ్ళీ గుద్దులు.

"ఇప్పుడేంటి?"

"చలి."

చూస్తే తీగ ఊడిపోయి ఉంది. దాన్ని తగిలించడానికి కర్టిస్ గ్లౌజులు తియ్యాల్సి వచ్చింది. వేళ్ళు కట్టెపుల్లల్లా అయిపోయాయి.

"మెదలకుండా కూర్చోలేవా?"

"నేను కూర్చునే ఉన్నాను. బండే మెదులుతోంది."

మూడోసారి ఆపినప్పుడు ఆర్నీకి ఒక చేతికి గ్లౌజు లేదు. టేపు చింపాక మళ్ళీ చుట్టడం కర్టిస్ మర్చిపోయాడు.

"ఆవులకి చెయ్యి ఊపాను," అన్నాడు ఆర్నీ. "అవి కూడా చూశాయి."

కర్టిస్ రోడ్డు వెంట వెనక్కి నడిచాడు. గ్లౌజు కాలవ గట్టు మీద పడి ఉంది. తీసుకుని తిరిగి వచ్చేసరికి ముక్కు కారుతోంది, మాట వణుకుతోంది.

"నాకూ చలేస్తుంది నాన్నా. నా వేళ్ళు ఉన్నాయో ఊడాయో కూడా తెలియడం లేదు. చర్చికి అందరూ వచ్చేసి ఉంటారు. ఆలస్యమైతే మార్లిస్ నన్ను బతకనివ్వదు."

"నన్నేమీ అనదు. నేనంటే ఇష్టం."

"తెలుసు. అదే నా ఖర్మ."

దారిలో పెట్రోలు బంకు కనబడితే ఆపాడు. లోపల కాఫీ కొన్నాడు గాని తాగలేదు. కప్పు చుట్టూ చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. కౌంటర్లో ఉన్నావిడ ఎర్రబడిన ఆర్నీ ముక్కు వంక చూసి, కర్టిస్ వైపు తిరిగింది.

"ఈ చలిలో వెనకాల కూర్చోబెట్టుకుని తీసుకొస్తారా ఎవరైనా? నీ తలకాయలో గుజ్జుందా?"

"అడగాల్సింది నన్ను కాదు."

ఆవిడ వేడి చాక్లెట్ కలిపి ఆర్నీ చేతికిచ్చింది. పై పెదవికి అంటిన నురగ తనే కాగితంతో తుడిచింది.

"ఎక్కడికి బంగారం, ప్రయాణం?"

"పెళ్ళికి."

"పెళ్ళిలో ఏంటి పని?"

"కేకు తినడం."

ఆవిడ పగలబడి నవ్వింది. కర్టిస్‌కి నవ్వు రాలేదు. కాఫీ చల్లారిపోయింది. వేళ్ళు మాత్రం ఇంకా తిమ్మిరిగానే ఉన్నాయి.

ఆర్నీ చాక్లెట్ కప్పు పక్కన పెట్టాడు. "నీ చేతులు ఇలా ఇయ్యి," అన్నాడు. కర్టిస్ వేళ్ళని తన రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, నోటితో ఆవిరి ఊదుతూ రుద్దాడు. కర్టిస్‌కి కోపం ఇంకా పోలేదు. చేతులు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఆ తర్వాత వీపు మీద గుద్దులు పడలేదు. చర్చి దాకా ఆర్నీ, కర్టిస్ నడుం చుట్టూ చేతులు వేసి, వీపుకి ఆనుకుని కూర్చున్నాడు.

చర్చి మెట్ల దగ్గర కర్టిస్ ఒక్కొక్కటే విప్పాడు. న్యూస్‌పేపరు గరగరలాడుతూ బయటికొచ్చింది. కోటు ముడతలు చేత్తో సాపు చేశాడు. జుట్టు తడిచేసి దువ్వాడు.

"బండి మీద రావడం మార్లిస్ చూసిందా?" అన్నాడు ఆర్నీ.

"కిటికీలోంచి చూసింది. ఇంకా నవ్వుతూనే ఉంది."

తలుపు తీసి ఫాదర్ చెయ్యి ఊపాడు, త్వరగా రమ్మని. ఆర్నీ అక్కడే నిలబడిపోయాడు.

"భయంగా ఉందా నాన్నా?"

"కొంచెం. నువ్వు పక్కనే ఉంటావుగా?"

"ఉంటాను. పద."

లోపల ఆర్గన్ మొదలైంది. యాభై ఆరేళ్ళ కర్టిస్ తన తండ్రి ఆర్నీని చెయ్యి పట్టుకుని మెల్లగా నడిపించుకుంటూ వెళ్ళి, డెబ్బై తొమ్మిదేళ్ళ పెళ్ళికూతురు మార్లిస్ పక్కన నిలబెట్టాడు.