రాకుమారి పట్టుకున్న చెయ్యి

"చెయ్యి పట్టుకున్నంక గూడ ఆ పిల్లకు ఎరుకైతలేదా?" అన్నాడు లింబాద్రి.

దోహాలో ఫ్రెంచివాళ్ళ సంగీత నాటకం రిహార్సల్ నడుస్తోంది. రాజు కూలివాడి వేషం కట్టి రాకుమారి మనసు పరీక్షిస్తున్నాడు. సెట్లు మోసే లింబాద్రి, అతని అక్క కొడుకు రత్నాకర్ తెర పక్కన నిలబడి చూస్తున్నారు.

"కూలోని చెయ్యి గంత మెత్తగుంటదా? పట్టంగనే దొరుకుతడు."

"మరి నువ్వు అత్తకు దొరకలేదా, మామా?"

భార్య భూమవ్వ బతికున్నన్నాళ్ళూ లింబాద్రి అరువు కోటు తొడుక్కుని, ఎవరిదో కారుకు ఆనుకుని ఫోటోలు దిగి పంపేవాడు. తాను ఆఫీసరునని చెప్పేవాడు. ఆ గర్వంతోనే ఆమె పోయిందన్నది అతనికి మిగిలిన ఒకే ఒక్క ఊరట.

"మీ అత్తకేం ఎరుక. మా ఆయన దోహాల ఆఫీసరని ఊరంత చెప్పుకునేది."

"సెలవుల పోయినప్పుడు నీ చేతులు సూడలేదా?"

లింబాద్రి తన చేతులు తిప్పి చూసుకున్నాడు. ఇంటికి వెళ్ళిన ప్రతిసారీ భూమవ్వ అతని అరచేతుల పగుళ్ళకు వెన్న రాసేది. ఆఫీసరు చేతులు ఎందుకు పగిలాయని ఒక్కసారీ అడగలేదు.

వేదిక మీద రాకుమారి ఇంకా పాడుతూనే ఉంది.

"ఇరవై ఏండ్లు నా ముంగట వేషం కట్టింది మీ అత్త," అన్నాడు లింబాద్రి. "ఒక్కనాడు దొరకలే."