కాకి ముట్టని విస్తరి

“బాలవ్వా, పిట్ట ముడుతలేదు. నిన్ను జల్ది తోల్కరమ్మన్నడు చిన్నదొర,” అన్నాడు సిద్ధయ్య గడపలో నిలబడి రొప్పుతూ.

దొరల గడిలో కబుర్లు మోసే సిద్ధయ్య ఇలా ఉరకడం అంజవ్వ ఎప్పుడూ చూడలేదు. మొన్న పెద్దదొర చచ్చిన కబురు కూడా అతడు తీరిగ్గా నడిచే వచ్చి చెప్పాడు.

ఆమె అత్త బాలవ్వ కూర్చున్నచోటి నుంచి లేవలేదు. “ఆకలైతలేదేమో తియ్యి. బతికినన్నాళ్లు మస్తు తిన్నడు గద,” అంటూ వక్క కొరికింది.

“నవ్వులాట గాదే! మూడోనాడు పిట్ట ముట్టకపోతే ఎంత ఇజ్జత్ తక్కువ? సిద్దిపేటకెల్లి పెద్ద పెద్దోళ్లొచ్చి కూసున్నరు. ఒక్క కాకి అటు దిక్కు మర్రలే. ‘ఎవలిదో ఉసురున్నది, ఆళ్లొచ్చి తినుమంటెనే తింటడు’ అన్నడు అయ్యగారు. అందరు నీ పేరే జెప్పిన్రు.” సిద్ధయ్య ముక్కు ఎగబీల్చాడు. “ఎండుచాపల వాసనొస్తుంది. గంత పెద్ద కుండల ఎవలకు వండిన్రే?”

కుండ తోముతున్న అంజవ్వ చేయి ఆగింది. ఆ సంగతి ఆమెకూ తెలియదు. నిన్న అత్త సిద్దిపేట అంగడికి పోయి ఎండుచేపలు తెచ్చింది. ఇవాళ చీకటితోనే లేచి కుండెడు అన్నం వండి, నెత్తిన పెట్టుకుని గుట్ట వైపు పోయింది. పొద్దెక్కాక ఉత్త కుండతో తిరిగొచ్చింది. గుట్టల్లో దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లు తలదాచుకుంటారని ఊరందరికీ తెలుసు. తెలుసు కాబట్టే ఎవరూ అడగరు. అంజవ్వా అడగలేదు.

“సుట్టాలొచ్చిన్రు,” అన్నది బాలవ్వ.

“సంఘపోళ్లా?” సిద్ధయ్య గొంతు తగ్గించాడు.

బాలవ్వ ఎండ వైపు చూసింది. “ఇంకొంచెం పొద్దెక్కనియ్యి. ముసల్దాన్ని, మెల్లగ వస్త.”

కిందటేడు శ్రావణంలో రజాకార్లు ఊరి మీద పడి, దొరికిన మొగవాళ్లనందరినీ వరుసగా నిలబెట్టి కాల్చేశారు. వాళ్లకు దారి చూపింది పెద్దదొర మనుషులే. జొన్నచేలల్లో దాక్కున్న ఆడవాళ్లు తిరిగొచ్చేసరికి నెత్తురు మరకలే మిగిలాయి, ఒక్క శవమూ లేదు. ఆ తర్వాత యూనియన్ సైన్యం వచ్చింది, నిజాం రాజ్యం పోయింది. దొరలు మాత్రం పోలేదు, టోపీలు మార్చుకున్నారు. చిన్నదొర దామోదర్‌రావు ఎర్ర రూమీ టోపీ తీసి తెల్లటోపీ పెట్టాడు. గడి వెనుక గద్దె కట్టించి జెండా ఎగరేశాడు. మొగుళ్లను, కొడుకులను పోగొట్టుకున్న ఆడవాళ్లను ఆ గద్దె మీదే నిలబెట్టి, తలా ఇంత బెల్లం ముక్క పెట్టాడు. అంజవ్వ కూడా బెల్లం చప్పరిస్తూ చప్పట్లు కొట్టింది. అంతకుముందు అత్తను ‘ఒసేయ్ బాలీ’ అనే నోటితో చిన్నదొర ఆ రోజే మొదటిసారి ‘బాలవ్వా’ అన్నాడు. ఊరికి వచ్చిన స్వాతంత్ర్యం అంతే.

అంజవ్వకు అదీ రాలేదు. మొగుడు రాజం శవం దొరకలేదు కనుక ఆమె విధవా కాదు, ముత్తైదువా కాదు. బాలవ్వ కోడలికి మారుమనువు చేస్తానంటే, “పీనుగ సూపియ్యి, దినాలు చెయ్యి, అటెన్క మాట్లాడుదం,” అన్నారు కులపెద్దలు. చంపినవాళ్లు రసీదు ఇవ్వడం మరిచిపోయారు మరి.

అత్తాకోడళ్లు పోయేసరికి వాగు గట్టున విస్తరి అలాగే ఉంది. వేటకూర, గారెలు, పక్కన సారా సీసా. సిద్దిపేట పెద్దమనుషులు ఈగలు తోలుకుంటూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. దామోదర్‌రావుకు పెద్ద పదవి ఇప్పించడానికి వచ్చినవాళ్లు వాళ్లు. కాకి కూడా ముట్టని ఇంటివాడికి పదవి ఎలా ఇప్పించాలా అని ఆలోచిస్తున్నట్టున్నారు.

“బాలవ్వా, కోపం లేదు తినుమని బాపుకు ఒక్క మాట చెప్పు,” అన్నాడు దామోదర్‌రావు.

“చెప్త దొరా, అదెంత పని. గని నా కొడుకు ఏడున్నడో తెల్వది, వానికి ఇంత బువ్వ పెట్టకపోతి. మీ బాపును తినుమంటే వాడు ఊకుంటడా?”

“నాకేం ఎరుక? నేనప్పుడు పట్నంల ఉంటి.”

“గట్లనా. అయితే కూసుందాం.” బాలవ్వ కొంగు పరిచి కూర్చుంది.

ఎండ ముదిరింది. గారెలు ఎండిపోయాయి. పెద్దమనుషుల్లో ఒకాయన జేబుగడియారం తీసి, “బండ్లు గట్టమందమా?” అన్నాడు.

దామోదర్‌రావు వంగాడు. “అవ్వా!” అన్నాడు. అంజవ్వ తన చెవులను నమ్మలేకపోయింది. “నీ చెవుల చెప్త, రా.”

“నా చెవులెందుకు? సచ్చిన మీ బాపుకు ఇనవడాలె. గట్టిగ చెప్పు.”

అతడు ఆకాశం చూశాడు, విస్తరి చూశాడు, బండ్ల వైపు నడుస్తున్న పెద్దమనుషులను చూశాడు. కళ్లు మూసుకుని అరిచాడు. “గడెన్క పాతబాయిల పూడ్సిన్రు! జెండా గద్దె కింద!”

అంజవ్వ అరికాళ్లు చుర్రుమన్నాయి. ఎప్పుడో తిన్న బెల్లం నోట్లో చేదుగా తగిలింది.

బాలవ్వ విస్తరి ముందు చేతులు జోడించింది. “ఇగ తిను పెద్దదొరా. నీ కొడుకు నిజం జెప్పిండు.”

కాసేపటికి తుమ్మచెట్టు మీద ఒక కాకి వాలింది. మెడ వంచి అటూ ఇటూ చూసింది. దిగి, వేటకూర ముక్క ఎత్తుకుపోయింది.

“దేవుడున్నడు! సత్యం పలికితేనే ముట్టింది!” అన్నాడు అయ్యగారు గద్గదంగా. దామోదర్‌రావు కూడా టోపీ తీసి మొక్కాడు. ఊరివాళ్లకు మొక్కే తీరిక లేదు. గడ్డపారలు పట్టుకుని గద్దె వైపు ఉరుకుతున్నారు.

పొద్దుగూకే వేళకు, మొలతాడుకున్న వెండిబిళ్లను బట్టి అంజవ్వ తన మొగుణ్ణి గుర్తుపట్టింది. ఏడాది పాటు దాచుకున్న ఏడుపంతా అక్కడే ఏడ్చింది.

ఇంటికొచ్చాక, తోమి బోర్లించిన కుండ వైపు చూస్తూ అంజవ్వ మెల్లగా అడిగింది.

“అత్తా, పొద్దుగాల గుట్టకాడ గంత అన్నం తినిపోయిన సుట్టాలెవలే?”

“ఊళ్లె కాకులన్నీ, బిడ్డా.”