గుమ్మం ఉన్న గోడ

"నా గదికి నాకు నచ్చిన రంగు వేయించుకోకూడదా అమ్మా?" కొడుకు గొంతు పెంచాడు.

"ఎవరొద్దన్నారు? మూడు గోడలూ నీ ఇష్టం. గుమ్మం ఉన్న గోడ మాత్రం నేను చెప్పినట్టు ఉండాలి," అంది తల్లి.

ముప్పై ఏళ్ళు మిషను తొక్కి ఊళ్ళోవాళ్ళకి బట్టలు కుట్టిన మనిషి ఆమె. ఏ రంగు పక్కన ఏది నప్పుతుందో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. అలాంటి మనిషి ఈ పేచీ ఎందుకు పెట్టిందో కొడుక్కి అంతుపట్టలేదు.

పెయింటరు గుమ్మానికి చెరో పక్కా రెండు రంగులు పూసి చూపించాడు. ఒకటి లేత గంధం, ఇంకోటి ముదురు నీలం. గోడలూ తలుపూ అన్నీ గంధం రంగులో హాయిగా ఉండాలంటాడు కొడుకు.

తల్లి కిటికీ పరదా లాగేసింది. గది మసకబారింది. కళ్ళు చికిలించుకుని దగ్గర్నించి ఒకసారి, గది చివరికి వెళ్ళి మరోసారి చూసింది.

"గంధం వద్దు. తలుపు గోడలో కలిసిపోతుంది."

"కలవాలనే కదా వేయించేది!"

ఆమె వినిపించుకోలేదు. "నీలమే వెయ్యి బాబూ. ఇంకాస్త ముదురు చెయ్యి. తలుపుకి తెల్లరంగు కొట్టు."

పెయింటరు బుర్ర గోక్కున్నాడు. "మరీ కొట్టొచ్చినట్టుంటుందండీ అమ్మగారూ."

"నాక్కావలసిందదే."

"చూసినవాళ్ళు నవ్వుతారు," అన్నాడు కొడుకు. "నీ కోడలు కూడా గంధమే అంది. ఎవరికీ నచ్చని రంగు మీద నీకెందుకింత పంతం?"

"నవ్వితే నవ్వారు, మన సొమ్మేం పోయింది? కోడలికి నేను చెప్పుకుంటాలే."

"ఏమని చెబుతావు?"

తల్లి బ్రష్షులు కడుక్కు రమ్మని పెయింటర్ని పంపు దగ్గరికి పంపేసింది. అతను అటు వెళ్ళగానే తలుపు దగ్గరగా వేసి కొడుకు ఎదుటికి వచ్చింది.

"నిన్న నీ చొక్కా నానబెడుతుంటే జేబులో కళ్ళ డాక్టరు రాసిన కాగితం దొరికింది. మందుల షాపులో చదివించుకున్నాను," అంది మెల్లగా.

తల్లి అతని భుజం గట్టిగా పట్టుకుంది.

"ఏడాదిలో చూపు చాలా తగ్గిపోతుందట కదా. తగ్గనీ. నా కొడుకు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తన గది గుమ్మం తనే దాటాలి."